నాలుగో స్టేజి రొమ్ము క్యాన్సర్‌కు ఏ కీమో: ఒక్క మందా, జంట మందులా, మాత్రలా?

క్యాన్సర్ రొమ్ము దాటి ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకిందని స్కాన్‌లో తేలిన రోజు ఇంట్లోవాళ్లు డాక్టరును కోరేది ఒక్కటే: "ఉన్నవాటిలో గట్టి మందు రాయండి సార్." ఖర్చుకు వెనకాడకుండా, ప్రేమకొద్దీ అనే మాట అది. అయితే మందు ఎంత గట్టిదైతే మనిషి అంత ఎక్కువ కాలం బతుకుతుందన్న లెక్క ఈ దశలో చాలామంది విషయంలో నిలవలేదు. నాలుగో స్టేజిలో జబ్బును వేళ్లతో సహా పెరికేయడం సాధారణంగా కుదరదు. దాన్ని వీలైనంత కాలం అణిచి ఉంచుతూ, ఆమె తన పనులు తాను చేసుకునేలా, తిని నిద్రపోయేలా చూడాలి. ఒక మందు పనిచేయడం ఆగిపోతే చేతిలో ఇంకోటి మిగిలి ఉండాలి. ఎంపికంతా ఈ ఎరుకతోనే జరగాలి.

అసలు కీమో కావాలా?

ముక్క పరీక్ష రిపోర్టులో ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా అని చెప్పేవి), హెర్2 (గడ్డను దూకుడుగా పెంచే ప్రోటీను) ఫలితాలు లేకుండా ఏ కీమో మంచిదని అడిగినా ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. నాలుగేళ్ల కిందటి ఆపరేషన్ రిపోర్టు ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. పాకిన చోట గడ్డ స్వభావం మారి ఉండవచ్చు. సూది వెళ్లే చోటైతే కాలేయం నుంచో, మెడ గడ్డ నుంచో కొత్తగా ముక్క తీయించాలి. హెర్2 దగ్గర 2+ అని ఉంటే అది ఇంకా తేలనట్టే, హెర్2 జన్యువునే నేరుగా చూసే ఫిష్ పరీక్ష చేయించాలి. ముక్క పొదిగిన మైనపు బ్లాకును ల్యాబులో వదిలేయకుండా అడిగి దాచుకోండి. వేలూరు వెళ్లినా చెన్నై వెళ్లినా మొదట అడిగేది దాన్నే.

ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అయితే మొదటి చికిత్స చాలావరకు కీమో కాదు, హార్మోన్ మాత్రలు. లెట్రొజోల్ 2.5 మి.గ్రా. రోజుకొకటి, దానికి తోడు పాల్బోసిక్లిబ్ గానీ రైబోసిక్లిబ్ గానీ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. లెట్రొజోల్‌ను మాత్రం ఆ 7 రోజులూ ఆపకూడదు. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లకు అండాశయాల పని ఆపే సూది నెలనెలా వేయించాలి, లేదా ఆపరేషన్‌తో ఒక్కసారే తీసేయించాలి. నెలనెలా సూది ఖర్చు భరించలేని ఇంటికి ఆ చిన్న ఆపరేషనే మేలు. 2023లో పాల్బోసిక్లిబ్ పేటెంటు ముగిశాక మన దేశపు కంపెనీల మాత్రలు వచ్చి ధర బాగా దిగింది కాబట్టి, పాత ధర మనసులో పెట్టుకుని దాన్ని వదులుకోవద్దు.

కాలేయంలో మచ్చలు కనబడ్డాయి, ఇక మాత్రలతో ఏమవుతుందన్న భయం చాలా ఇళ్లలో ఉంటుంది. ఆ భయానికి సూటిగా జవాబిచ్చింది రైట్ ఛాయిస్ అనే ప్రయోగం. నెలసరి ఆగని వయసులో, జబ్బు దూకుడుగా ఉన్న స్త్రీలనే అందులో తీసుకుని, సగం మందికి రైబోసిక్లిబ్‌తో హార్మోన్ చికిత్స, మిగతా సగానికి రెండు మందుల కీమో ఇచ్చారు. మాత్రలవాళ్లలో జబ్బు దాదాపు 22 నెలలు పెరగకుండా ఆగింది, కీమోవాళ్లలో దాదాపు 13 నెలలు.

హెర్2 పాజిటివ్ అయితే కీమో ఒక్కటే ఎక్కించడం తప్పు. హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ తోడు ఉండాల్సిందే. స్తోమత ఉంటే పెర్టుజుమాబ్ కూడా కలపాలి. డోసిటాక్సెల్ అనే కీమో మందుకూ ట్రాస్టుజుమాబ్‌కూ పెర్టుజుమాబ్ కలిపినప్పుడు సగటు జీవితకాలం దాదాపు 41 నెలల నుంచి 57 నెలలకు పెరిగింది. ట్రాస్టుజుమాబ్‌కు మన దేశపు బయోసిమిలర్లు (అదే పనిచేసే దగ్గరి పోలిక మందులు) 2014 నుంచే ఉన్నాయి. మోతాదు బరువును బట్టి ఉంటుంది: మొదటిసారి కిలోకు 8 మి.గ్రా., ఆ తర్వాత మూడు వారాలకోసారి 6 మి.గ్రా. 55 కిలోల మనిషికి మొదటిసారి 440 మి.గ్రా. వయల్ సరిగ్గా సరిపోతుంది. రెండోసారి 330 చాలు, 110 మిగులుతుంది. వయల్‌తో వచ్చే బ్యాక్టీరియోస్టాటిక్ నీళ్లతోనే కలిపితే మిగిలిన మందు ఆసుపత్రి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య 28 రోజులు నిలుస్తుంది, తర్వాతి డోసుకు పనికొస్తుంది. మామూలు స్టెరైల్ నీళ్లతో కలిపేస్తే ఆ సౌకర్యం పోయినట్టే. కలపకముందే ఫార్మసీలో ఈ మాట అడగండి. గుండె పనితీరు చూసే ఎకో మూడు నెలలకోసారి తప్పదు.

మూడూ నెగెటివ్ అయితేనే మొదటినుంచీ కీమో మీద ఎక్కువగా ఆధారపడాలి. బీఆర్‌సీఏ జన్యువులో పుట్టుకతో లోపం ఉందేమో చూసే పరీక్ష వాళ్లు తప్పక చేయించాలి. ఆ లోపం ఉన్నవాళ్లలో కార్బోప్లాటిన్‌కు 68 శాతం మందిలో గడ్డలు తగ్గితే, డోసిటాక్సెల్‌కు 33 శాతం మందిలోనే తగ్గాయి. మందుల వరుసనే మార్చేసే తేడా ఇది. పైగా ఒలపరిబ్ మాత్రల దారి కూడా వాళ్లకు తెరుచుకుంటుంది. పీడీఎల్1 పరీక్ష, ఒంటి రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి లేపే ఇమ్యునోథెరపీ కొనగలిగినవాళ్లకే అక్కరకొస్తుంది.

ఒక్కటొక్కటిగానా, జంటగానా?

2003లో వెలువడ్డ అమెరికా ప్రయోగం ఒకటి ఈ ప్రశ్నకు ఇప్పటికీ ఆధారం. ఏడు వందలమందికి పైగా స్త్రీలను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు డాక్సోరుబిసిన్, ఇంకో గుంపుకు పాక్లిటాక్సెల్, మూడో గుంపుకు రెండూ కలిపి ఇచ్చారు. ఒక్క మందు పడ్డవాళ్లకు జబ్బు పెరిగితే రెండోదానికి మార్చారు. గడ్డలు తగ్గినవాళ్లు వరుసగా 36, 34, 47 శాతం. ఇంతవరకు చూస్తే జంటదే గెలుపు. కానీ సగటు జీవితకాలం వరుసగా 18.9, 22.2, 22 నెలలు. గడ్డ ఎక్కువమందిలో తగ్గినా ఆయుష్షు పెరగలేదు, జీవన నాణ్యతా మెరుగవలేదు. రెండు మందుల బాధను ఒకేసారి మోయడం వల్ల కొత్తగా చేకూరిందేమీ లేదన్నమాట.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు 2002 నాటి డోసిటాక్సెల్, కెపెసిటబిన్ జంట ప్రయోగాన్ని చూపిస్తారు. అందులో జంట తీసుకున్నవాళ్లు 14.5 నెలలు, డోసిటాక్సెల్ ఒక్కటే తీసుకున్నవాళ్లు 11.5 నెలలు ఉన్నారు. అయితే ఒక్క మందు గుంపులో తర్వాత కెపెసిటబిన్ అందినవాళ్లు కొద్దిమందే. కాబట్టి రెండు మందులు ఒకేసారి ఇవ్వడాన్నీ, ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వడాన్నీ అది పోల్చినట్టు కాదు. మా సలహా స్పష్టం: ప్రాణాపాయం తరుముకొస్తుంటే తప్ప ఒక్కో మందునే వరుసగా వాడుకోవాలి.

ప్రాణాపాయం అంటే ఏమిటో కూడా తేటగా తెలియాలి. కాలేయంలో నాలుగు మచ్చలు ఉండి, ఆమె తిరుగుతూ, తింటూ, కాలేయ పరీక్షలు మామూలుగా ఉంటే అది అత్యవసరం కాదు. వారం వారం బిలిరుబిన్ పెరుగుతూ కళ్లు పచ్చబడుతున్నా, ఊపిరితిత్తుల నిండా జబ్బు అల్లుకుని కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా అది అత్యవసరం. అక్కడ గడ్డ త్వరగా తగ్గడమే ముఖ్యం, కాబట్టి జంట మందులకు అర్థం ఉంది. ఎక్కువగా వాడే జంట జెమ్‌సిటబిన్, కార్బోప్లాటిన్. మూడు వారాల్లో 1వ రోజు, 8వ రోజు ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోవడం దీని ప్రధాన ఇబ్బంది. 8వ రోజు రక్తపరీక్ష చూడకుండా రెండో డోసు ఎక్కించకూడదు. ఇంకో జాగ్రత్త: బిలిరుబిన్ నార్మల్ దాటి ఉన్నప్పుడు డోసిటాక్సెల్ పనికిరాదు. కాలేయం ఆ మందును కడిగేయలేక కౌంట్ (రక్తంలో తెల్లకణాల సంఖ్య) ప్రమాదకరంగా పడిపోతుంది.

వారం వారం పాక్లిటాక్సెల్, మూడు వారాల డోసిటాక్సెల్, ఇంట్లో కెపెసిటబిన్

ఒక్క మందే అనుకున్నాక సాధారణంగా పోటీ ఈ మూడింటి మధ్యే. లెక్క కోసం 152 సెం.మీ. ఎత్తు, 52 కిలోల బరువున్న మనిషిని తీసుకుందాం. శరీర ఉపరితలం సుమారు 1.48 చదరపు మీటర్లు.

పాక్లిటాక్సెల్ వారానికి చదరపు మీటరుకు 80 మి.గ్రా. చొప్పున ఆమెకు దాదాపు 118 మి.గ్రా. పడుతుంది. గంటసేపు ఎక్కిస్తారు. అదే మందును మూడు వారాలకోసారి 175 మి.గ్రా. చొప్పున మూడు గంటలు ఎక్కించే పద్ధతీ ఉంది. ప్రయాణాలు తగ్గుతాయని చాలామంది దానివైపే మొగ్గుతారు. 2008లో ఈ రెండింటినీ పోల్చినప్పుడు గడ్డ తగ్గినవాళ్లు వారం పద్ధతిలో 42 శాతం, మూడు వారాల పద్ధతిలో 29 శాతం. సగటు జీవితకాలం 24 నెలలు, 12 నెలలు. ఇంత తేడా ఉన్నప్పుడు పాక్లిటాక్సెల్‌ను వారం వారం తీసుకోవడమే న్యాయం. దీనికి చెల్లించే మూల్యం తిమ్మిర్లు. తీవ్రమైన తిమ్మిర్లు వారం పద్ధతిలో 24 శాతం మందికి, రెండోదాంట్లో 12 శాతం మందికి వచ్చాయి.

తిమ్మిర్లను మొదట్లోనే పట్టుకోవాలి. జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోవడం, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, చిల్లర నాణేలు వేళ్లతో గుర్తుపట్టలేకపోవడం: వీటిలో ఏది మొదలైనా అదే వారం డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గిస్తే, లేదా ఒక వారం ఆపితే చాలావరకు వెనక్కి వస్తాయి. మందు ఆపేస్తారేమోనన్న భయంతో దాచిపెడితే శాశ్వతంగా మిగిలిపోవచ్చు. మంటగా ఉండే నొప్పికి డులోక్సెటిన్ కొంత పనిచేస్తుంది.

పాక్లిటాక్సెల్‌కు ఎలర్జీ వస్తే మొదటి రెండు డోసుల్లోనే, అదీ మొదలైన పది నిమిషాల్లోపే ఎక్కువ. ఒళ్లు ఎర్రబడినా, ఛాతీ పట్టేసినట్టున్నా, నడుము హఠాత్తుగా లాగినా వెంటనే సిస్టర్‌ను పిలవాలి. అందుకే ముందుగా డెక్సామెథసోన్, ఏవిల్ సూదులు వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ డెక్సా వల్ల ఆ రాత్రీ మర్నాడూ షుగర్ ఎగబాకుతుంది. గ్లూకోమీటరుతో చూసుకుని డాక్టరు చెప్పినట్టు మందు సర్దుకోవాలి. షుగర్ బొత్తిగా అదుపులో లేనివాళ్లకు ఆల్బుమిన్‌తో కట్టిన పాక్లిటాక్సెల్ ఉంది. దానికి డెక్సా అక్కర్లేదు గానీ ధర ఎక్కువ.

డోసిటాక్సెల్ మూడు వారాలకోసారి చదరపు మీటరుకు 75 మి.గ్రా. చొప్పున ఆమెకు దాదాపు 110 మి.గ్రా. ప్రయాణాలు తక్కువ, కానీ ప్రమాదమంతా ఒక వారంలో కూడుకుని ఉంటుంది. 7వ రోజు నుంచి 10వ రోజు దాకా తెల్లకణాలు అట్టడుక్కి పోతాయి. సరిగ్గా అప్పుడు ఆమె ఆసుపత్రికి దూరంగా, ఇంట్లో ఉంటుంది. జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకిందంటే అర్ధరాత్రైనా బయల్దేరాలి. ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ సెలైన్‌లో పడాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవడమే ప్రాణాలు తీస్తుంది. అర్ధరాత్రి బండి దొరకని పల్లెలో, ముసలి దంపతులే ఉండే ఇంట్లో డోసిటాక్సెల్ కన్నా వారం పాక్లిటాక్సెల్ సురక్షితం. తప్పనిసరైతే తెల్లకణాలు పెరగడానికి కీమో అయిన 24 గంటల తర్వాత వేసే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ సూదిని ముందే రాయించుకోండి. ఒంట్లో నీరు చేరకుండా డెక్సా 8 మి.గ్రా. ఉదయం, సాయంత్రం చొప్పున కీమో ముందురోజు మొదలుపెట్టి మూడు రోజులు వేసుకోవాలి. ఈ మొదటి రోజు మాత్రే అందరూ మరిచిపోయేది.

జుట్టు విషయం. ఈ రెండు మందులకూ జుట్టు పోతుంది, సాధారణంగా రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. తిరుపతి చుట్టుపక్కల చాలామంది అది రాలకముందే కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చేస్తారు. మంచి పనే, మనసుకూ ఊరట. కాకపోతే మొదటి కీమోకు ముందే ఇచ్చేయండి. కౌంట్ పడిపోయిన వారంలో తలమీద బ్లేడు గాటు పడటం, క్యూ కాంప్లెక్సులో జనం మధ్య గంటలకొద్దీ కూర్చోవడం రెండూ మంచివి కావు.

జుట్టు పోకూడదనుకునేవాళ్లకు, వారం వారం రాలేనివాళ్లకు, సూదికి నరం దొరకనివాళ్లకు కెపెసిటబిన్ మాత్రలు మంచి దారి. చదరపు మీటరుకు 1000 మి.గ్రా. పూటకు, అంటే మన లెక్కలోని మనిషికి 500 మి.గ్రా. మాత్రలు ఉదయం మూడు, రాత్రి మూడు. అన్నం తిన్న అరగంటలోపు నీళ్లతో మింగాలి. 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఇంకో పద్ధతిలో బరువుతో పనిలేకుండా పూటకు 1500 మి.గ్రా. చొప్పున ఏడు రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపుతారు. ఈ పద్ధతిని పాతదానితో పోల్చిన ప్రయోగంలో జబ్బు అదుపు ఒకేలా ఉండి, విరేచనాలు, నోటిపూత, అరికాళ్ల మంట బాగా తగ్గాయి. వయసు మళ్లినవాళ్లకు ఇది సాధ్యమా అని డాక్టరును అడగదగ్గ విషయం.

మాత్రలే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మొదటి పది రోజుల్లోనే తీవ్రమైన విరేచనాలు, నోరంతా పూత వస్తే మాత్రలు వెంటనే ఆపి ఆసుపత్రికి రావాలి. ఈ మందును విరిచేసే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ, వాళ్లకు మామూలు మోతాదే విషమవుతుంది. కిడ్నీ పనితీరు సగానికి తగ్గినవాళ్లకు మోతాదు కోయాలి, క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ రక్తాన్ని వడగట్టే వేగం) నిమిషానికి 30 మి.లీ. కన్నా కిందికి పోతే ఇవ్వకూడదు. రక్తం పలచన చేసే వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం ప్రమాదం. బలానికని ఎవరో ఇచ్చిన ఫోలిక్ ఆసిడ్ మాత్రలు దీని దుష్ప్రభావాలను పెంచుతాయి, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండింతలు వేసుకోకూడదు.

అరిచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండి చర్మం ఊడటం దీని ప్రత్యేక బాధ. ఒత్తిడి, వేడి తగిలితే పెరుగుతుంది. మే నెల ఎండలో చెప్పుల్లేకుండా గుడి బండల మీద నడవడం, అలిపిరి మెట్లెక్కడం, వేడినీళ్లతో అంట్లు తోమడం ఆ రోజుల్లో మానుకోవాలి. మొదటి రోజు నుంచే 10 శాతం యూరియా ఉన్న క్రీము రాసుకోవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్ ప్రయోగంలో 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ రోజుకు రెండుసార్లు 12 వారాలు రాసుకున్నవాళ్లలో ఈ బాధ ఓ మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ 3.8 శాతం మందికే వచ్చింది, ఉత్తి జెల్ రాసినవాళ్లలో 15 శాతానికి. మందుల షాపులో చవగ్గా దొరికే ట్యూబుతో ఇంత మేలంటే తప్పక వాడుకోవాలి. నొప్పి పనికి అడ్డొచ్చే స్థాయికి వస్తే మాత్రలు ఆపి, తగ్గాక మొదలుపెడతారు. పళ్లబిగువున కొనసాగించవద్దు.

ఇంతకుముందు ఎర్రమందు పడి ఉంటే

ఎర్రమందు అని పిలిచే డాక్సోరుబిసిన్‌కు జీవితకాలపు హద్దు ఉంది, చదరపు మీటరుకు 450 నుంచి 550 మి.గ్రా. దాటితే గుండె బలహీనపడే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆపరేషన్ సమయంలో నాలుగు సైకిళ్లు (విడతలు) పడి ఉంటే 240 అప్పటికే అయిపోయింది. ఆ పాత డిశ్చార్జి సమ్మరీ లేకపోతే మిగిలిన లెక్క ఎవరూ కట్టలేరు. నాలుగు వారాలకోసారి ఇచ్చే లైపోసోమల్ రకం గుండెకు కాస్త మేలు, జుట్టూ అంతగా పోదు, కానీ అరికాళ్ల మంట తెస్తుంది. ఎర్రమందుల వరుస, పాక్లిటాక్సెల్ వరుస అయిపోయినవాళ్లకు ఎరిబులిన్ ఉంది. 2 నుంచి 5 నిమిషాల్లో అయిపోయే సూది, 1వ రోజు, 8వ రోజు. ఆ దశలో డాక్టరు ఎంచిన ఇతర మందులతో పోల్చితే సగటు జీవితకాలం 10.6 నుంచి 13.1 నెలలకు పెరిగింది. హెర్2 కొద్దిగా, అంటే 1+ లేదా 2+ ఉండి ఫిష్ నెగెటివ్ అయినవాళ్లకు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ మెరుగైన మందు. 2024 బడ్జెట్‌లో దానిమీద కస్టమ్స్ సుంకం తీసేసినా మామూలు ఇంటికి ఇంకా అందేది కాదు.

బలహీనంగా ఉన్నవాళ్లకు, డబ్బు కటకటగా ఉన్నచోట సైక్లోఫాస్ఫమైడ్ 50 మి.గ్రా. రోజూ, మెథోట్రెక్సేట్ 2.5 మి.గ్రా. వారంలో రెండు రోజులు మాత్రమే, ఆ రోజుల్లో రెండు పూటలా ఇచ్చే చవకైన మాత్రల పద్ధతి ఉంది. ఇందులో జరిగే ఘోరమైన పొరపాటు ఒక్కటే: మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకోవడం. నోరు పుండ్లయి, కౌంట్ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. క్యాలెండర్ మీద మంగళ, శుక్రవారాలో మరే రెండు రోజులో ఎర్రసిరాతో చుట్టి, ఆ మాత్రలు విడి డబ్బాలో పెట్టి ఒక్క మనిషే ఇవ్వాలి. కీళ్లనొప్పులకు షాపులో కొనే నొప్పి మాత్రలు దీంతో కలవకూడదు.

ఎక్కడ ఎక్కించుకోవాలి?

తిరుపతిలో స్విమ్స్, 2022లో ప్రారంభమైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి రెండూ కీమో ఇస్తాయి. చిత్తూరువాళ్లకు వేలూరు సీఎంసీ తిరుపతి కన్నా దగ్గర. నగరి, పుత్తూరు వైపువాళ్లు చెన్నై అడయార్ క్యాన్సర్ ఆసుపత్రికి అలవాటు పడ్డవాళ్లు. కుప్పం వాళ్లకు బెంగళూరు సులువు. పెద్ద పేరున్న చోట ఒకసారి అభిప్రాయం తీసుకుని, అదే ప్లాను ఇంటికి దగ్గర్లో ఎక్కించుకోవడం వారం మందులకు సరైన ఏర్పాటు. పాక్లిటాక్సెల్ ఎక్కడైనా ఒకటే మందు. ప్రభుత్వ పథకం కార్డు పక్క రాష్ట్రంలో చెల్లుతుందా, రాసిన మందు పేరు ప్యాకేజీలో ఉందా అన్నది మొదటి డోసుకు ముందే ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి. రెండో సైకిల్‌లో డబ్బు ఆగిపోయి మందు మధ్యలో మార్చడం అన్నిటికన్నా నష్టం.

మొదటి డోసుకు ముందు హెపటైటిస్ బి పరీక్ష అయ్యిందో లేదో చూడండి. లోపల దాగి ఉన్న వైరస్ కీమోతో లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోజుకో మాత్రతో ఆపగలిగింది. తిప్పతీగ, పసరు మందులు ఈ సమయంలో వద్దు. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. పైగా కాలేయ పరీక్షలు పెరిగితే అది జబ్బువల్లో మందువల్లో పసరువల్లో ఎవరూ చెప్పలేరు. చంకలో గ్రంథులు తీసిన వైపు చేతికి సూది పెట్టనివ్వకపోవడమే సాధారణ జాగ్రత్త. నరాలు దొరకనప్పుడు ఛాతీ చర్మం కింద పెట్టే కీమో పోర్టు గురించి మూడో నాలుగో డోసు దాకా ఆగకుండా ముందే మాట్లాడండి. వాంతులకు ఒలాంజపిన్ రాస్తే 10 మి.గ్రా. మత్తుకు భయపడనక్కర్లేదు. 2.5 మి.గ్రా. కూడా అంతే పనిచేస్తుందని ముంబై టాటా మెమోరియల్ ప్రయోగంలో తేలింది.

ఎంతకాలం, ఎప్పుడు మార్చాలి?

రెండు మూడు నెలలకోసారి స్కాన్ చేసి చూస్తారు. జబ్బు జాడ చూపే సీఏ 15-3 రక్తపరీక్ష ఒక్కటే చూసి మందు మార్చకూడదు. మందు పనిచేస్తున్నా మొదటి ఒకటి రెండు నెలల్లో అది పెరిగి తర్వాత దిగవచ్చు. గడ్డలు పెరగకుండా ఉన్నాయంటే అదీ విజయమే, తగ్గలేదని మందు మార్చుకోవద్దు. పనిచేస్తున్న మందును ఆరు సైకిళ్లకే ఆపేయడం కన్నా, ఒంటికి పడుతున్నంతకాలం కొనసాగిస్తే జబ్బు ఎక్కువ కాలం ఆగుతుంది. ఆయుష్షులో లాభం మాత్రం కొద్దిపాటిదే. కాబట్టి తిమ్మిర్లతో, నీరసంతో విసిగిపోయిన మనిషికి కూతురి పెళ్లికో పండక్కో నెలరోజుల విరామం ఇవ్వడం తప్పేమీ కాదు. ఈఆర్ పాజిటివ్ అయితే ఆ విరామంలో హార్మోన్ మాత్రలకు మారవచ్చు.

ఒక మందు తర్వాత ఇంకోటి మార్చినకొద్దీ ఒక్కోటీ పనిచేసే కాలం కురచవుతుంది. పగలు సగం కన్నా ఎక్కువసేపు మంచానికే పరిమితమైన మనిషికి, రెండు మూడు మందులు వరసగా పనిచేయకుండా పోయాక, ఇంకో కీమో ఇస్తే ఆసుపత్రి రోజులు పెరుగుతాయి తప్ప బతికే రోజులు పెరిగే అవకాశం తక్కువ. నొప్పి, ఆయాసం చూసే పాలియేటివ్ డాక్టరును అప్పటిదాకా ఆగకుండా మొదటి సైకిల్ నాడే కలవండి. మార్ఫిన్ మాత్రలు అన్ని షాపుల్లో దొరకవు, గుర్తింపున్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. అది మొదలైన రోజే మలబద్ధకానికి మందు కూడా రాయించుకోవాలి, లేకపోతే నాలుగో రోజుకు కడుపునొప్పితో మార్ఫినే మానేస్తారు.